మా బావ తన ఇంటికి రంగు వేసుకున్నాడు

మా బావ ఎవరింటికి వెళ్ళినా ముందు మనిషిని పలకరించడు, గోడను పలకరిస్తాడు. కుడిచేతి వేళ్ళ వెనకవైపు గోడకు ఆనించి, ఒక్క క్షణం ఆగి, "ఊఁ" అంటాడు. ఎక్కడ చెమ్మ ఉంది, ఎక్కడ పగులు ఉంది, ఆ పగులులో ఎవడు లప్పం నింపాడు, నింపి ఎన్ని నెలలైంది, అన్నీ ఆ ఒక్క "ఊఁ"లో ఉంటాయి. ఇంటివాళ్ళు మంచినీళ్ళిస్తూ ఆయన ముఖంలోకి భయంభయంగా చూడటం నేను చాలాసార్లు చూశాను.

ఆయన పెయింటరు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఇళ్ళకు రంగులు వేస్తున్నాడు. ఏ పనికి పిలిచినా "రెండు కోట్లు పడాలి" అనడం అలవాటు. దాంతో ఊళ్ళో ఆయన పేరే రెండుకోట్లాయన అయిపోయింది. తెలియనివాళ్ళు ఆ పేరు విని, ఎవరో బాగా డబ్బున్న మనిషి వస్తున్నాడనుకుని కుర్చీ తుడిచి ఉంచేవాళ్ళు. తీరా చూస్తే చొక్కా నిండా మరకలతో, భుజం మీద నిచ్చెనతో ఈయన వచ్చేవాడు.

ఆయనకు అసలు గిరాకీ కొత్త ఇళ్ళ దగ్గర కాదు, అమ్మకానికి పెట్టిన పాత ఇళ్ళ దగ్గర. కొనేవాళ్ళు రావడానికి మూడు వారాల ముందు బ్రోకర్లు ఆయన్ని పిలుస్తారు. రంగు వాసన పూర్తిగా పోవడానికి అన్నాళ్ళు పడుతుంది. చెమ్మ పట్టిన గోడ ఒక్కదానికే వేస్తే దొరికిపోతారు కాబట్టి నాలుగింటికీ వేయాలి. చెమ్మ గోడకు మాత్రం మిగతావాటికన్నా ఒక్క పిసరు ముదురు రంగు కలపాలి. ఈ విద్యలన్నీ నాకు గొప్పగా చెప్పేవాడు. "ఇది మోసం కాదా బావా" అంటే, "నేను గోడను అందంగా చేస్తున్నాను. కొనేవాడికి చెయ్యి లేదా, పెట్టి చూసుకోకూడదా" అనేవాడు.

ఇలాంటి పని చేసే మనిషికి లోకం మీద నమ్మకం ఎక్కడి నుంచి వస్తుంది? కూరగాయలవాడు కాయ చేతికిస్తే తిప్పి కిందివైపు చూస్తాడు. ఒక డాక్టరు రాసిన మందు ఇంకో డాక్టరుకు చూపిస్తాడు. నాకు చిన్న జిరాక్సు షాపు ఉంది. జిరాక్సు తీయించుకుని, అసలు కాగితంతో వరసకు వరస సరిపోల్చుకునే మనిషి ఈ లోకంలో ఆయనొక్కడే. నేను సొంత బావమరిదిని. అయినా సరే.

ఇప్పుడు చెప్పబోయేది ఆయన తన ఇల్లు అమ్ముకున్న సంగతి.

వాళ్ళది రెండో అంతస్తులో మూడు గదుల ఇల్లు. లిఫ్టు లేదు, ముప్ఫై నాలుగు మెట్లు. ఆ మెట్ల మీదే మా అక్క పడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషను తర్వాత వాకరు పట్టుకుని ఇంట్లో నాలుగడుగులు వేయగలదు గానీ, మెట్లు మాత్రం ఇక కుదరవన్నారు. ఆసుపత్రివాళ్ళు స్ట్రెచరు మీద పైకి చేర్చి వెళ్ళిన రోజు నుంచి ఎనిమిది నెలలపాటు ఆమె వీధిలో కాలు పెట్టలేదు.

మా అక్క దర్జీ. వీధి చివర ఇరుకు గదిలో మిషను పెట్టుకుని ఇరవై ఏళ్ళు కుట్టింది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళ కబుర్లే ఆమెకు ఊపిరి. పడ్డాక మిషను పైకి తెచ్చి కిటికీ దగ్గర పెట్టారు. కానీ ఒక పంట్లాం కిందంచు మడిపించుకోవడానికి ముప్ఫై నాలుగు మెట్లు ఎవరెక్కుతారు? మొదటి నెల ఇద్దరు ఎక్కారు, తర్వాత ఎవరూ రాలేదు. అక్క కిటికీలోంచి కింద పోయేవాళ్ళ బట్టలు చూస్తూ, "ఆ భుజం సరిగ్గా పడలేదు" అని తనలో తనే అనుకునేది.

అలాంటప్పుడు పక్కవీధిలో, నేల మీద, రోడ్డు వైపు తలుపు ఉన్న చిన్న ఇల్లు అమ్మకానికి వచ్చింది. మందుల షాపాయనది. ముందు గదిలో మిషను వేసుకోవచ్చు. "నలభై రోజులు ఆగుతాను, ఆ తర్వాత అడిగినవాళ్ళకు ఇచ్చేస్తాను" అన్నాడాయన. అంటే ఆలోగా ఈ ఇల్లు అమ్మాలి. తక్కువకు అమ్మితే ఆ ఇల్లు రాదు. తొందరగానూ అమ్ముడుపోవాలి, మంచి ధరా రావాలి. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవని తెలిసినా, మాకు రెండూ కావాలి.

నా షాపులో ప్రకటన టైపు చేశాను. "తొందరగా అమ్మవలసి ఉన్నది" అన్న మాటను బావ కొట్టేశాడు.

"తొందరని తెలిస్తే పీక మీద కూర్చుంటారు. మనకేం తొందర లేదు, అలాగే రాయి."

"మరి ఎందుకు అమ్ముతున్నారని అడిగితే?"

"మార్పు కోసం."

"ముప్ఫై ఏళ్ళుగా చొక్కా మార్చని మనిషివి. మార్పు కోసం ఇల్లు అమ్ముతున్నావంటే ఎవడు నమ్ముతాడు బావా?"

"అసలు నువ్వు ఎవరి వైపు?" అన్నాడు. నవ్వుతూ అంటే బావుండేది. నవ్వలేదు.

అక్క సంగతి బయటపడకుండా ఇంకో ఏర్పాటు కూడా చేశాడు. కొనేవాళ్ళు వచ్చేసరికి అక్క కుర్చీలో కూర్చుని ఉండాలి. వాకరు తలుపు వెనక దాచాలి. ఎవరొచ్చినా లేవకూడదు. కాలు కదలని మనిషికి కింది ఇల్లు కావాలని చిన్నపిల్లలకైనా అర్థమవుతుందని ఆయన భయం. అక్క ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే కాబట్టి నేనూ పట్టించుకోలేదు.

ఆ తర్వాత చేయకూడని పని చేశాడు. ఇల్లంతటికీ రంగు వేయడానికి దిగాడు.

నేను వద్దన్నాను. రంగు వాసన పోవడానికి మూడు వారాలు పడుతుందని చెప్పింది నువ్వే కదా, మనకు అన్ని రోజులెక్కడివి అన్నాను. "బ్రోకరు ఎవడైనా నిన్ను కలిసి డబ్బులిచ్చాడా?" అని అడిగాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఊరుకున్నాను.

పదకొండు రోజులు వేశాడు. లప్పం పట్టి, ఉప్పు కాగితంతో రుద్ది, ప్రైమరు మీద రెండు కోట్లు కాదు, మూడు వేశాడు. అక్క ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వాకరు పట్టుకుని జరుగుతూ, దగ్గుతూ గడిపింది. నిజం ఒప్పుకోవాలి, అంత బాగా రంగు వేసిన ఇల్లు నేనెక్కడా చూడలేదు. గోడలు కోడిగుడ్డు పెంకులా ఉన్నాయి.

మొదట వచ్చినవాళ్ళు భార్యాభర్తలు. గుమ్మంలో అడుగు పెడుతూనే ఆయన ముక్కు ఎగబీల్చాడు.

"ఇప్పుడే వేశారా? ఎవరు వేశారండీ, బాగా వేశారు."

"నేనే," అన్నాడు బావ, ఛాతీ ఉబ్బించి. "నా పనే అది."

ఆవిడ ఆయన్ని చూసింది, ఆయన ఆవిడను చూశాడు. రెండు నిమిషాల్లో మెట్లు దిగిపోయారు. "పెయింటరంట. ఇంక చూసేదేముంది" అన్న మాట కింది నుంచి స్పష్టంగా వినిపించింది.

రెండోవాడు తాళంచెవుల గుత్తితో ప్రతి గోడనూ కొట్టి చూశాడు. ఏమీ దొరక్కపోయేసరికి అనుమానం ఇంకా పెరిగింది. చివరికి వెళ్ళి అక్క కుర్చీ ముందు నిలబడ్డాడు.

"అమ్మా, ఒకసారి లేస్తారా?"

అక్క బావ వైపు చూసింది. "ఆవిడ లేవదు," అన్నాడు బావ.

"ఎందుకు లేవరు? కుర్చీ కింద నేల పగిలిందా?"

"ఏమీ పగల్లేదు."

"మరి లేవొచ్చుగా."

"లేవదని చెప్పానా."

అతను వంగి కుర్చీ కిందికి చూశాడు. అక్క కాళ్ళు కాస్త పక్కకు జరుపుకుంది. ఇన్నేళ్ళు మర్యాదగా బతికిన మనిషిని దొంగసరుకు మీద కూర్చోబెట్టినట్టు చేశామని నాకు సిగ్గేసింది. బావకు సిగ్గు వేయలేదు, కోపం వచ్చింది.

మూడోవాడు తనతో ఒక ముసలి పెయింటరును వెంటబెట్టుకొచ్చాడు. ఆ ముసలాయన బావకు తెలిసినవాడే. గోడకు చెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత తల ఊపి, "రెండుకోట్లాయన వేసిన గోడ వెనక ఏముందో నేను చెప్పలేనయ్యా. ఎవరూ చెప్పలేరు. అంత పనిమంతుడు" అన్నాడు. బావకు జీవితంలో అంతకన్నా పెద్ద పొగడ్త దొరకలేదు. ఆ పొగడ్తతోనే బేరం పోయింది.

ఇరవై తొమ్మిదో రోజు, బావకు పనులిచ్చే బ్రోకరు ఒకడు వచ్చాడు. బావ అడిగినదాంట్లో మూడొంతుల్లో రెండొంతులు చెప్పాడు. "అన్నా, నీ చేతిపని నాకు తెలుసు కదా. ఎన్ని గోడలు కప్పించాను నీచేత. ఇప్పుడు పార్టీలకు ఏమని చెప్పను?"

"నా ఇంట్లో కప్పడానికేం లేదు. పద్దెనిమిదేళ్ళు ఉన్నాను. నాకు తెలియదా?"

ఆ మాట అనేటప్పుడు ఆయన ముఖంలో అబద్ధం లేదు. అది చూసి నాకు జాలేసింది. బ్రోకరు వెళ్ళాక మాత్రం మళ్ళీ మామూలైపోయాడు. వచ్చిన ముగ్గురినీ ధర దించడానికి బ్రోకరే పంపాడన్నాడు. ముసలి పెయింటరుకు ఎంత ముట్టిందో కనుక్కోమన్నాడు. నేను కుదరదన్నందుకు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ముప్ఫై ఒకటో రోజు సాయంత్రం, బావ వంటింట్లో ఉన్నప్పుడు అక్క మెల్లగా అడిగింది. "ఇంకా ఎన్ని రోజులుందిరా?"

"తొమ్మిది."

ఆమె తల తిప్పుకుని కిటికీలోంచి చూసింది.

మర్నాడు ఒకావిడ ఒంటరిగా వచ్చింది. రైళ్ళలో టిక్కెట్లు తనిఖీ చేసి ఈ మధ్యే రిటైరైందట. పొట్టి జుట్టు, చేతిలో చిన్న నోటుపుస్తకం. మూడు గదులూ తిరిగింది గానీ ఒక్క గోడనూ ముట్టుకోలేదు. బావ నన్ను వంటింట్లోకి లాగి, "గోడ ముట్టుకోని మనిషి ఇల్లు కొనడానికి రాలేదురా. ఇంకెందుకో వచ్చింది. కనిపెట్టుకుని ఉండు" అన్నాడు.

ఆవిడ పడకగదిలో ఆగిపోయింది. మంచం వైపు చూస్తోంది.

"ఈ మంచం గోడకు ఇంత ఎడంగా ఎందుకుంది?"

చూస్తే నిజమే. మంచానికీ గోడకూ మధ్య మూరెడు జాగా. అందువల్ల ఇవతలివైపు తలుపు సగమే తెరుచుకుంటోంది. ఇన్నేళ్ళుగా ఆ తలుపులోంచి పక్కకు తిరిగి దూరుతున్నాను గానీ, నాకెప్పుడూ ఆ ప్రశ్న రాలేదు.

"గాలి ఆడటానికి," అన్నాడు బావ.

ఆవిడ ఆయన్ని ఒక చూపు చూసింది. నేను అప్రయత్నంగా టిక్కెట్టు కోసం జేబు తడుముకున్నాను. తర్వాత ఆవిడ ఒక స్టూలు లాక్కుని, ఆ గదిలోనే కిటికీ పక్కన కుర్చీలో ఉన్న అక్కకు ఎదురుగా కూర్చుంది.

"మీరు చెప్పండమ్మా. ఈ ఇంట్లో ఎక్కువసేపు ఉండేది మీరేగా."

"ఆవిడకేం తెలుసు..." అని బావ మొదలుపెట్టాడు. ఆవిడ అటు చూడకుండానే అరచెయ్యి ఎత్తింది. ఆయన ఆగిపోయాడు.

అక్క మంచం వైపు చెయ్యి చూపించింది. "ఆ మంచం పక్క గోడకు చెమ్మ ఉందండీ," అంది.

"ఎప్పట్నుంచి?"

"మేం వచ్చినప్పట్నుంచి. పద్దెనిమిదేళ్ళు."

ఇంటి గుట్టు లంకకు చేటని ఊరికే అనలేదు. ఎనిమిది రోజుల్లో ఇంకెవరు వస్తారు? ఈ ఇల్లు చేజారితే ఎక్కువ నష్టపోయేది తనే, ఆ తనే నోరు విప్పింది. బావ వైపు చూశాను. కోపం లేదు. నిజంగానే తెల్లబోయాడు.

"ఏం మాట్లాడుతున్నావు? అది మనం వచ్చిన ఏడాదే పోయింది. తారు పూసి లప్పం పట్టానుగా. ఆ తర్వాత నువ్వు ఎప్పుడైనా చెప్పావా?"

"నాలుగేళ్ళు చెప్పాను. చెప్పినప్పుడల్లా మీరు ఇంకో కోటు వేశారు. ఇక చెప్పడం మానేసి మంచం జరుపుకున్నాను."

బావ లప్పం పట్టే రేకు తీసుకుని మంచం వెనక మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గీకాడు. కొత్త రంగు తొక్కలా లేచింది. దాని కింద పాత రంగు, దాని కింద ఇంకో రంగు. ఏ ఏడాది ఏ రంగు వేశాడో వరసగా కనబడుతోంది. నాలుగో గీతకు తడి ఇసుక ఆయన అరచేతిలోకి రాలింది. ఊళ్ళో ప్రతి గోడనూ వేళ్ళతో పరీక్షించిన మనిషి, తన గోడ మీద ఒక్కసారి చెయ్యి పెట్టి చూసుకోలేదు. భార్య మాట్లాడటం మానేస్తే గోడ ఆరిపోయిందనుకున్నాడు.

"ఇంకా?" అంది ఆవిడ, నోటుపుస్తకం తెరిచి.

అక్క కొలతలు చెప్పినట్టు తాపీగా చెప్పింది. "వంటింటి కిటికీ గాలివానకు కారుతుంది, గుడ్డ పెడితే చాలు. స్నానాలగది తలుపు తేమకు బిగుసుకుంటుంది. మిగతా గోడలు పొడిగా ఉంటాయి, నమ్మొచ్చు. నీళ్ళకు లోటు లేదు. పక్కవాళ్ళు మంచివాళ్ళు. మెట్లు మాత్రం జాగ్రత్తండీ. అందంగా ఉంటుందని ఈయన మెట్ల అంచులకు ఎర్ర ఎనామిల్ రంగు వేశారు. తడి తగిలితే జారుతుంది. నేను పడింది అందుకే."

ఈ మాట మా ఇద్దరికీ కొత్త. ఎనిమిది నెలలుగా బావ అందరితోనూ, కళ్ళు తిరిగి పడిందని చెబుతున్నాడు. నేనూ అదే చెప్పాను. ఎలా పడ్డావని ఆమెను ఎవరూ అడగలేదు.

"మీరు లేవలేరు కదా," అంది ఆవిడ.

"లేవలేనండీ. వాకరు ఆ తలుపు వెనక ఉంది. మాకు కింది ఇల్లు కావాలి, ఎనిమిది రోజుల్లో."

ముప్ఫై రెండు రోజులు బావ దాచినదంతా అర నిమిషంలో అయిపోయింది. ఆయన మంచం వెనక నుంచి లేవలేదు.

ఆవిడ లేచి కిటికీలోంచి బయటికి చూసి, నోటుపుస్తకం మూసి, ధర చెప్పింది. అడిగినదానికి నూటికి నాలుగు తక్కువ, ఆ గోడ బాగుచేయించుకునే ఖర్చు తీసేసి. నేను తప్పుగా విన్నానేమో అనుకున్నాను.

"ఇరవై ఏడేళ్ళు రైళ్ళలో అబద్ధాలు విన్నాను. నాలుగు నెలలుగా ఇళ్ళు చూస్తూ అవే వింటున్నాను. ఈ ఇంట్లో ఏం బాలేదో ఇప్పుడు నాకు మొత్తం తెలుసు. ఇంకో ఇల్లు చూసే ఓపిక లేదు," అంది.

"సరే," అన్నాడు బావ, మంచం వెనక నుంచే. బేరం లేదు, ఎదురు ప్రశ్న లేదు.

ఆయన అనుమానించకపోయేసరికి ఆ బాధ్యత నా మీద పడింది. ఆ వయసులో ఒంటరి మనిషికి రెండో అంతస్తు ఎందుకు? అంత ధర ఎందుకు? రోడ్డు వెడల్పు చేస్తున్నారా? రెండు రోజులు షాపు మూసి తిరిగాను. స్టేషనులో అడిగాను, ఆవిడ అద్దెకున్న వీధిలో అడిగాను. ఆ రోజు ఆవిడ చూసిన మా అక్కవాళ్ళ కిటికీలోంచి రైలు పట్టాలు కనబడతాయన్న ఒక్క సంగతి తప్ప ఇంకేమీ తేలలేదు. కనుక్కున్నది బావకు చెబుదామని ముప్ఫై ఐదో రోజు వెళితే, ఆయన మెట్ల మీద కనబడ్డాడు.

మోకాళ్ళ మీద కూర్చుని, రేకుతో ఎర్ర రంగు గీకుతున్నాడు. పైనున్న మెట్లు అప్పటికే బూడిదరంగు సిమెంటు తేలి ఉన్నాయి.

"ఆవిడ గీకమందా బావా?"

"లేదు."

"మరి అమ్మేసిన ఇంటికి ఇదంతా ఎందుకు?"

"మీ అక్క ఇంకొక్కసారి దిగాలి కదరా. మోసేవాళ్ళ కాలు జారితే?"

ఇంకో మెట్టు పూర్తిచేసి చొక్కాతో ముఖం తుడుచుకున్నాడు. నా వైపు చూడకుండానే అడిగాడు.

"మీ అక్క చిన్నప్పుడూ ఇంతేనా? రెండుమూడుసార్లు చెప్పి, వినకపోతే ఊరుకునేదా?"

"అవును బావా."

"మరి ఆ సంగతి నాకెందుకు చెప్పలేదురా నువ్వు?"

అక్క నెమ్మది మనిషి అని నలుగురికీ గొప్పగా చెప్పుకున్నవాణ్ణి నేను. ఎందుకు నెమ్మదిగా ఉందో నేనూ ఒక్కనాడూ అడగలేదు. ఇంకో రేకు తీసుకుని కింది మెట్టు నుంచి గీకడం మొదలుపెట్టాను.

ముప్ఫై ఎనిమిదో రోజు, మందుల షాపాయన ఇంటి తాళం చేతికి రాగానే, అక్కను కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం పట్టుకుని దించాం. బావ మాకన్నా ఒక మెట్టు కింద, వెనక్కి వెనక్కి దిగుతూ, ప్రతి మెట్టునూ ఉత్తకాలితో నొక్కి చూసి, తర్వాతే మమ్మల్ని రమ్మన్నాడు. కుర్చీ వీధిలో దించాక అక్క చెప్పులు లేని కాళ్ళు నేల మీద ఆనించింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

బావ ఆమె ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"నాకు ఇంకేమైనా చెప్పాలా?" అన్నాడు.

అక్క ఆయన ముఖంలోకి చూసింది. కాయను తిప్పి కిందివైపు చూసేటప్పుడు ఆయన ఎంత అనుమానంగా చూస్తాడో, అంత అనుమానంగా చూసింది.

"చాలా ఉన్నాయి. ముందు కూర్చోండి," అంది.

బావ కింది మెట్టు మీద కూర్చున్నాడు.